నూట ఇరవయ్యో ఊరు

మే 4, శనివారం

పొద్దున పదింటికి నాతో పనిచేసే విన్నీ పేపరు పట్టుకుని పర్యాటక సమాచార కేంద్రంలోకి వచ్చింది. కోటు కూడా విప్పకుండా నా బల్ల మీద పరిచింది.

"చదివావా అమ్మాయ్?"

నాకు యాభై తొమ్మిదేళ్లు. ఆవిడకి డెబ్బై నాలుగు కాబట్టి నేను అమ్మాయినే.

దేశంలో సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్లు నూట ఇరవై తీసుకుని లండన్ పేపరువాళ్లు మార్కులు వేశారు. మా స్కెల్సీ నూట ఇరవయ్యోది. ఇసుకకి అయిదింటికి ఒక చుక్క. తిండికి ఒక చుక్క. 'చూడదగినవి' అన్నచోట చుక్క కూడా లేదు, చిన్న గీత గీసి ఊరుకున్నాడు రాసినవాడు. కింద రెండే వాక్యాలు: 'ఈ ఊరు ఇంకా ఎందుకుందో సముద్రానికి కూడా అర్థమైనట్టు లేదు. అందుకే రోజుకి రెండుసార్లు వెనక్కి పోతోంది.'

"ప్రశాంతతకి మాత్రం మూడు చుక్కలిచ్చాడు" అంది విన్నీ.

"ఎవరూ రారని దానర్థం."

ఇరవై రెండేళ్లుగా ఈ బల్ల వెనక కూర్చుని ఈ ఊరు బాగుంటుందని వచ్చినవాళ్లందరికీ చెబుతున్నాను. నాకెన్ని చుక్కలిచ్చేవాడో!

మా ఆయన డెస్‌కి ఫోన్ చేశాను. ఎత్తలేదు. గాలిమర ఎక్కి ఉంటాడు. లోరెయిన్ పఫ్ నడిపే బుల్లి గోల్ఫ్‌లో ఏడో గుంత దగ్గర బంతికి అడ్డంగా తిరిగే గాలిమర రెక్కలు ఆగిపోయాయట, బాగుచెయ్యడానికి నిన్న వెళ్లాడు. బీచి రోడ్డు దీపాలన్నీ ముప్పై ఏళ్లు చూసుకున్న ఎలక్ట్రీషియన్, రిటైరయ్యాక ఏమీ తోచక కొట్టుకుంటున్నాడు, మంచిదే. పని అయ్యేదాకా గోల్ఫ్ వెనకాల లోరెయిన్ కారవాన్ బండిలోనే పడుకుంటాడట, పొద్దున్నే మొదలుపెట్టొచ్చని. మా ఇంటి నుంచి అక్కడికి నడిస్తే తొమ్మిది నిమిషాలు. నాలుగు చొక్కాలు, గడ్డం సామాను, రేడియో, చలికాలం కోటు పట్టుకెళ్లాడు. ముందుచూపున్న మనిషి.

మే 6, సోమవారం. బ్యాంకు సెలవు

ఒళ్లు హూనమైంది. జనం! స్కెల్సీలో జనం! కార్లు చర్చి దాకా బారులు తీరాయి.

పొద్దున్నే నిక్కరు వేసుకున్న ఒకాయన పెళ్లాం పిల్లలతో వచ్చాడు.

"ఇక్కడ అన్నిటికంటే ఘోరమైనదేదండీ?"

"ఏమిటీ?"

"పేపర్లో చూశాం. గంటన్నర నడుపుకుంటూ వచ్చాం. పిల్లలకి చూపించాలి."

నేను గొంతు సవరించుకుని ఆరువందల ఏళ్ల నాటి మా చర్చి గురించి చెప్పాను. చెక్కిన తలుపులున్నాయి, రంగుటద్దాల కిటికీలున్నాయి అన్నాను.

"అది బాగుంటుందా?"

"చాలా బాగుంటుంది."

"అయితే వద్దులెండి" అన్నాడు.

ఆ తర్వాత ఒకావిడ, "మీ మరుగుదొడ్లకి తాళం వేసి ఉంటుందట కదా, ఎక్కడున్నాయి?" అంది. దారి చూపించాను. పది నిమిషాల్లో మొహం మాడ్చుకుని తిరిగొచ్చింది.

"తెరిచే ఉన్నాయండీ!"

"సెలవు రోజని తీశారు."

"శుభ్రంగా కూడా ఉన్నాయి" అంది, నేనేదో మోసం చేసినట్టు.

మే 7, మంగళవారం

డెస్ రాలేదు. రెక్కలకి కావలసిన సామాను బయటి ఊరి నుంచి రావాలట.

మే 11, శనివారం

సామాను రాలేదు.

మే 18, శనివారం

విన్నీతో గొడవైంది. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేసరికి కేంద్రం బయట ఒక అట్టముక్క వేలాడుతోంది. 'దరిద్రాల యాత్ర. రోజూ రెండు గంటలకి. గొడుగు మీరే తెచ్చుకోవాలి.' ఆవిడ చేతిరాతే.

"ఏమిటిది విన్నీ? సిగ్గు లేదూ? ఇది మన ఊరు."

"మన ఊరే కదమ్మాయ్. అందుకే నాకు దారులన్నీ తెలుసు."

ఇరవై ఆరుగురిని వెంటేసుకుని వెళ్లింది. నీళ్లు లేని ఈతకొలను చూపించిందట. సముద్రంలోకి వెళ్లి సగంలో తెగిపోయిన పీర్ వంతెన చూపించిందట. మూతపడిన నాటకశాల ముందు నిలబెట్టి, అక్కడ చివరగా ఆడిన మాంత్రికుడు మాయమయ్యాడు, జీతాలడుగుతారని మళ్లీ ప్రత్యక్షం కాలేదు అని చెప్పిందట. అందరూ పడీపడీ నవ్వారని తిరిగొచ్చి ఉత్సాహంగా చెబుతోంది. నాకు ఒళ్లు మండిపోయింది.

కాసేపయ్యాక ఊలు అల్లుకుంటూ, "డెస్ గాలిమర ఎంతదాకా వచ్చింది?" అని అడిగింది.

"సామాను రావాలి."

"నిన్న నేను అటే వెళ్లాను."

"అయితే?"

ఆవిడ రెండు వరసలు అల్లింది. "ఏం లేదులే" అంది.

మే 20, సోమవారం

ఆ పేపరతనికి ఉత్తరం రాశాను. పేరు టోబయస్ హేల్‌ట. నాలుగుసార్లు చించి రాశాను. చివరికి పంపినది ఇది:

'అయ్యా, మీరు మా ఊరికి ఏ రోజు వచ్చారో చెప్పగలరా? ఇరవై రెండేళ్లుగా నేను ఇక్కడి సమాచార కేంద్రంలో ఉన్నాను. వచ్చినవాళ్లు ఎవరైనా ముందు నా దగ్గరికే వస్తారు, ఎందుకంటే ఊళ్లో వాన పడనిచోటు ఇదొక్కటే. మిమ్మల్ని చూసిన గుర్తు లేదు. దయచేసి మరోసారి రండి. నేనే స్వయంగా తిప్పి చూపిస్తాను. ఒక మనిషిని గానీ ఊరిని గానీ నిందించేముందు కళ్లతో చూడాలని నా అభిప్రాయం. ఇట్లు, హిలరీ థాక్రే.'

పోస్టాఫీసుకి గోల్ఫ్ మీదుగా వెళితే దగ్గర. నేను చర్చి చుట్టూ తిరిగి వెళ్లాను. నడక ఒంటికి మంచిది.

జూన్ 3, సోమవారం

జవాబొచ్చింది! పదిహేనో తారీకు శనివారం వస్తాడట. ఏ రోజు వచ్చాడో మాత్రం రాయలేదు.

జూన్ 14, శుక్రవారం

రేపటికి అంతా సిద్ధం. చేపల దుకాణం వాళ్లతో మాట్లాడాను, రేపు కొత్త నూనె పోస్తారు. చర్చి తాళం తీసి ఉంచమన్నాను. గాడిద సవారీ వాళ్లకి ఫోన్ చేశాను. ఇప్పుడు ఒక్కటే మిగిలింది, పేరు డచెస్, ఇరవై ఆరేళ్లు. పొద్దున పూట అయితే నిలబడగలదన్నారు.

పీర్ గేటు దగ్గర దీపం వెలగడం లేదు. డెస్ అయితే రెండు నిమిషాల్లో చేసేస్తాడు. ఫోన్ చేశాను. లోరెయిన్ ఎత్తింది.

"స్నానం చేస్తున్నాడు హిలరీ. ఏమైనా చెప్పాలా?"

వద్దన్నాను. మరమ్మతు పని కదా, దుమ్ము బాగా పడుతుంది.

జూన్ 15, శనివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

రైలు నలభై నిమిషాలు ఆలస్యం. దిగినవాడు ముప్పై ఏళ్ల కుర్రాడు, పల్చటి బూట్లు, పల్చటి కోటు, తడిసిన పిల్లిలా ఉన్నాడు. అప్పటికింకా వాన మొదలవలేదు. దారిలో వానకి రైలు కప్పు కారిందట.

"మీరే కదండీ మిసెస్ థాక్రే? మీ ఉత్తరం మా ఆఫీసులో అందరూ చదివారు" అన్నాడు. తనని టోబీ అని పిలవమన్నాడు.

"మంచిది. మీరు కూడా చదివారా?"

ముందు చర్చికి తీసుకెళ్లాను. తాళం తీసే ఉంది. కానీ లోపల పెళ్లి రిహార్సల్. పెళ్లికూతురి తల్లీ పెళ్లికొడుకు తల్లీ తలుపు దగ్గరే నిలబడి కుర్చీల గురించి అరుచుకుంటున్నారు. రంగుటద్దాలు చూడాలంటే వాళ్ల మధ్య నుంచి దూరి వెళ్లాలి. మేం వెళ్లలేదు.

డచెస్ పడుకుని ఉంది. కాపలా మనిషి దాని చెవిలో, "లేవవే తల్లీ, లండన్ నుంచి వచ్చారు" అంటున్నాడు. అది ఒక కన్ను తెరిచి టోబీ బూట్ల వంక చూసి మళ్లీ మూసుకుంది.

చేపల దుకాణంలో కొత్త నూనె పోసిన మాట నిజమే. వేయించిన చేప బంగారు రంగులో ఉంది. ముప్పై ఏళ్లలో ఈ ఊళ్లో అంత చక్కటి చేప నేను చూడలేదు. ఉప్పూ వెనిగరూ చల్లించి పొట్లం అతని చేతిలో పెట్టి, "ఇప్పుడు చెప్పండి" అన్నాను. నోరు తెరిచాడు. పైనుంచి సీగల్ పక్షి దిగింది. చేప మొత్తం పోయింది. అతని చేతిలో చిన్న చెక్క ఫోర్కు మిగిలింది.

"ఎప్పుడూ ఇలా చెయ్యవు" అన్నాను.

నా అబద్ధాల్లో అదొకటి.

అప్పుడు వాన మొదలైంది. మా ఊరి వాన పైనుంచి రాదు, పక్కనుంచి వస్తుంది. పీర్ మీదికి వెళ్లనివ్వలేదు. నాటకశాల చూరు కింద ముగ్గురు దరిద్రయాత్రికులు అప్పటికే నిలబడి ఉన్నారు, చోటు లేదు. టోబీ కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, "అదిగో, అక్కడ కప్పుంది. దీపాలు కూడా వెలుగుతున్నాయి" అన్నాడు.

"అది మూసేశారు."

"తెరిచే ఉందండీ. ఏదో తిరుగుతోంది చూడండి."

తిరుగుతోంది. గాలిమర. నాలుగు రెక్కలూ, ఎర్ర రంగు, ఎంచక్కా, గిర్రున.

ఇంకేం చెయ్యను? వెళ్లాం. టికెట్ల గదిలో లోరెయిన్ ఉంది. నన్ను చూసి చేతిలో చిల్లర డబ్బా కింద పెట్టింది. ఆ గది వెనక కప్పు కింద మడత కుర్చీలో డెస్ కూర్చుని టీ తాగుతూ రేడియో వింటున్నాడు. కాళ్లకి ఇంట్లో వేసుకునే మెత్తటి చెప్పులు. నేను కొన్నవి కావు.

గాలిమర కీచు కీచుమని తిరుగుతోంది. టోబీ మర్యాదస్తుడు, చెయ్యి చాపాడు.

నేనే పరిచయం చేశాను. "ఈయన లండన్ పేపర్ నుంచి. ఈయన మా ఆయన. గాలిమర బాగుచేస్తున్నారు."

"హిల్..." అన్నాడు డెస్. "ఇంకా కొంచెం పనుంది. గాలి ఎక్కువుంటే ఒక రెక్క..."

"డెస్, నోర్ముయ్" అంది లోరెయిన్ మెల్లిగా. ఆమె మీద మొట్టమొదటిసారి నాకు గౌరవం కలిగింది.

"రెండు టికెట్లు" అన్నాను.

ఆ వానలో తొమ్మిది గుంతలూ ఆడాం. ఎందుకో నాకు తెలియదు. వెనక్కి తిరిగి వెళ్లిపోతే ఊరంతా చూసేది, అందుకు కాబోలు. ఏడో గుంతలో బంతి గాలిమర తలుపులోంచి పోవాలి. నేను పదకొండుసార్లు కొట్టాను. పదకొండుసార్లూ రెక్క తగిలి వెనక్కొచ్చింది. అంత బాగా తిరుగుతోంది. పన్నెండోసారి బంతి చేత్తో తీసుకెళ్లి గుంతలో పడేశాను. టోబీ కార్డు మీద 'ఒకటి' అని రాసుకున్నాడు.

ఎనిమిదో గుంత దగ్గర అతనే అన్నాడు: "మీకొక మాట చెప్పాలండీ. నేనిక్కడికి రావడం ఇదే మొదటిసారి."

"తెలుసు."

"నా గదిలో కూర్చుని రాశాను. నూటపంతొమ్మిది ఊళ్లు అయిపోయాయి, చివరికొకటి కావాలి. మీ ఊరి పేరు..."

"పేరుకేమైంది?"

"స్కెల్సీ. ఏదో చర్మవ్యాధిలా వినిపించింది."

అతన్ని ఆ గోల్ఫ్ కర్రతో కొట్టాలి. న్యాయంగా అయితే కొట్టాలి. నాకు నవ్వొచ్చింది. ఆగలేదు. కళ్లలోంచి నీళ్లొచ్చేదాకా నవ్వాను, తర్వాత నవ్వు ఆగింది గానీ నీళ్లు ఆగలేదు. వాన కాబట్టి అతనికి తెలిసి ఉండదు. తన పల్చటి కోటు విప్పి నా తల మీద కప్పాడు కాబట్టి తెలిసే ఉంటుంది.

"కళ్లతో చూడకుండా ఎలా రాశావయ్యా?" అన్నాను.

"తేలికండీ. చూస్తే రాయడం కష్టం" అన్నాడు.

ఇంటికొచ్చి ఈ డైరీ మే నెల నుంచి తిరగేశాను. చూడకుండా రాసింది అతనొక్కడే కాదు.

జూన్ 16, ఆదివారం

డెస్ లోరెయిన్‌తో ఉంటున్నాడు.

జూన్ 19, బుధవారం

ఊరంతటికీ మొదటి రోజు నుంచే తెలుసట. మాంసం కొట్టాయన అడక్కుండా రెండు సాసేజ్‌లు ఎక్కువ వేశాడు. చర్చిలో ముగ్గురు నా భుజం నిమిరారు. ముప్పై ఆరేళ్ల కాపురంలో నా భుజం అన్నిసార్లు ఎవరూ నిమరలేదు. వద్దు మొర్రో అంటున్నా అరగంటకొకరు కేకు పట్టుకొస్తున్నారు. నిమ్మకాయ కేకులు నాలుగున్నాయి ఇంట్లో.

విన్నీ మాత్రం ఏమీ తేలేదు. "ఆ రోజే చెప్పేదాన్ని" అంది.

"ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు నమ్మేదానివి కాదు. మళ్లీ నాతో మాట్లాడేదానివి కూడా కాదు. అప్పుడు పొద్దస్తమానం ఈ గదిలో నేనెవరితో మాట్లాడను?"

జూలై 6, శనివారం

నిజం రాస్తానని రైలెక్కేముందు ఇచ్చిన మాట టోబీ నిలబెట్టుకున్నాడు. చూడకుండా రాశానని, తప్పు జరిగిందని, క్షమించమని పేపర్లో సగం పేజీ రాశాడు. గాడిద గురించి మంచిగా రాశాడు. చేపకి రెండు చుక్కలిచ్చాడు, తినకుండానే. గాలిమర గురించి, డెస్ గురించి ఒక్క ముక్క రాయలేదు. అబ్బాయి మంచివాడు.

మార్కులు మళ్లీ లెక్కవేస్తే స్కెల్సీ నూట పద్దెనిమిదో స్థానానికి వచ్చింది.

గెలిచాం అనుకున్నాను.

జూలై 13, శనివారం

వారం క్రితం వరకు కార్లు పెట్టుకోవడానికి చోటు లేదు. ఇవాళ వచ్చింది ఏడుగురు. అందులో ఇద్దరు పాత పేపరు చదివి వచ్చారు, సంగతి తెలిసి వెళ్లిపోయారు.

"మూడో దరిద్రం చూడ్డానికి ఎవరొస్తారమ్మాయ్?" అంది విన్నీ. అట్టముక్క తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, కళ్లలో నీళ్లు.

సాయంత్రం వర్తకుల సంఘం వాళ్లు నన్ను పిలిపించారు. అధ్యక్షుడు ఐస్‌క్రీమ్ దుకాణం ఓగ్లీ.

"హిలరీ, నిన్నెవరమ్మా ఉత్తరం రాయమన్నది?"

"ఊరి పరువు పోతోంటే ఊరుకోనా?"

"ఆ పరువు పోయిన తొమ్మిది వారాల్లో నేను అమ్మిన ఐస్‌క్రీమ్ ఎంతో తెలుసా? మా నాన్న హయాంలో కూడా అంత అమ్మలేదు. ఏదో దేవుడి దయవల్ల అట్టడుగున ఉన్నాం. నువ్వొచ్చి పైకి లాగావు."

మళ్లీ ఉత్తరం రాసి ఊరిని కిందికి దించమని అడగాలట! తలుపు ధడాలున వేసి వచ్చాను. అది సరిగా పడదు, రెండోసారి వెనక్కెళ్లి వెయ్యాల్సొచ్చింది.

జూలై 27, శనివారం

విన్నీకి మోకాలు వాచింది. యాత్రకి తొమ్మిదిమంది వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. పంపేద్దామంటే బయట పక్కవాన. నేనే తీసుకెళ్లాను.

విన్నీలా కథలు అల్లడం నాకు రాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "ఇది ఈతకొలను. పదకొండేళ్ల నుంచి నీళ్లు లేవు. పదహారేళ్లప్పుడు నేనిక్కడ అందరి ముందూ ఎత్తు నుంచి దూకి బట్టలు ఊడిపోయి, గట్టెక్కడానికి గంట పట్టింది." నవ్వారు. "ఇది పీర్. సగమే ఉంది. మిగతా సగం బాగు చేస్తామని ప్రతి ఎన్నికకీ ఒకాయన వచ్చి ఫోటో దిగుతాడు. ఆ ఫోటోల కోసమైనా ఈ సగం మిగిల్చారు." బాగా నవ్వారు.

గోల్ఫ్ దగ్గరికి వచ్చాం. నేను ఆగాలనుకోలేదు, కాళ్లు ఆగాయి.

"ఇది గాలిమర. మా ఆయన బాగుచేస్తున్నాడు. మే మూడో తారీకున వచ్చాడు, ఇంకా అవలేదు. రాత్రింబవళ్లు ఇక్కడే ఉండి చేస్తున్నాడు. అదిగో, ఆ కుర్చీలో ఉన్నది ఆయనే."

తొమ్మిదిమందీ ఒకసారి తిరుగుతున్న రెక్కల్ని చూశారు. ఒకసారి డెస్‌ని చూశారు. ఒకసారి టికెట్ల గదిలో లోరెయిన్‌ని చూశారు. అర్థమయ్యాక నవ్విన నవ్వుకి సీగల్స్ లేచిపోయాయి.

మూడు నెలల్లో మొదటిసారి కడుపు నిండా భోంచేశాను.

ఆగస్టు 10, శనివారం

యాత్రకి ఇవాళ నలభై రెండు మంది. ఒకరికొకరు చెప్పుకుని వస్తున్నారు, పేపరు అక్కర్లేదు. "ఆ గాలిమరాయన ఎక్కడండీ?" అని ముందే అడుగుతున్నారు. ఓగ్లీ నాకు ఐస్‌క్రీమ్ ఊరికే ఇచ్చాడు.

మధ్యాహ్నం లోరెయిన్ కేంద్రానికి వచ్చింది. విన్నీ వెంటనే పక్కగదిలోకి వెళ్లింది, తలుపు మాత్రం తెరిచే ఉంచింది.

"హిలరీ, నీ జనం నా గోల్ఫ్ ముందు నిలబడి నవ్వుతున్నారు."

"టికెట్లు కొంటున్నారా?"

"కొంటున్నారు."

"మరింకేం?"

"డెస్ గాలిమర వెనక దాక్కుంటున్నాడు. ఎవరైనా వస్తే బయటికి రాడు, పని చెయ్యడు."

"దాక్కోకముందు చేసేవాడా?"

లోరెయిన్ చేతిసంచీ బల్ల మీద పెట్టింది. కుర్చీలో కూర్చుంది. బాగా అలిసిపోయిన మొహం. "ఆ రెక్కలు ఆగిపోలేదు హిలరీ. అసలెప్పుడూ ఆగలేదు. నీకు చెబుతానన్నాడు. చెప్పాడనే అనుకున్నాను, ఆ వానరోజు దాకా."

"ఇప్పుడు తెలిసింది కదా. ఆనందంగా ఉండండి."

"రేడియో ఆపడు" అంది.

"ఆపడు" అన్నాను.

ఆగస్టు 31, శనివారం

ఇవాళ గాలిమర దగ్గర అందరూ నవ్వారు, వెనకనున్న ఒకావిడ నవ్వలేదు. గులాబీ రంగు రెయిన్‌కోటు, నా వయసే. అందరూ వెళ్లాక నా దగ్గరికొచ్చింది.

"ఆయన నిజంగానే మీ ఆయనా?"

"నిజంగానే."

"మా ఆయన గ్యారేజీ కట్టడానికి వెళ్లాడు. ఎవరిదో. ఏడాదిన్నరైంది."

"పైకప్పు వేశాడా?"

"వేశాడు. ఆవిడ మనవణ్ని కూడా దాని కిందే ఆడిస్తున్నాడు" అంది. ఇద్దరం అక్కడే వానలో నిలబడి నవ్వాం. వెళుతూ వెళుతూ అడిగింది: "రోజూ ఇలా చెబుతుంటే మీకు విసుగెయ్యదూ?"

వేస్తోంది. ఇంటికొచ్చాక ఒప్పుకున్నాను. రోజూ రెండుంపావుకి నా మొగుణ్ని చూపించి నలభైమందిని నవ్వించి, మిగతా రోజంతా వాడి గురించే ఆలోచిస్తూ గడపాలంటే ఎంత పని!

సెప్టెంబరు 1, ఆదివారం

గాలిమర దగ్గర ఆగలేదు. ఒకాయన ఫిర్యాదు చేశాడు. ఈతకొలను దగ్గర ఇంకో పది నిమిషాలు ఎక్కువ చెప్పాను.

సెప్టెంబరు 14, శనివారం

డెస్ వచ్చాడు.

పెద్ద వాన, కేంద్రం నిండా జనం. వరసలో మూడోవాడు. ముందున్న జంటకి అలల వేళలు చెప్పి తలెత్తితే బల్లకి అటు తనే. చేతిలో సంచీ, చంకలో రేడియో, ఒంటి మీద చలికాలం కోటు. ఆ ముందుచూపు ఇవాళ్టికి పనికొచ్చింది.

"లోరెయిన్ పొమ్మంది" అన్నాడు గొంతు తగ్గించి.

"ఊఁ."

"నా ఫోటోలు తీశారు హిల్. దుకాణానికి వెళితే గాలిమరాయన వచ్చాడన్నారు. నీ వల్లే అంతా."

"ఎన్నాళ్లుంటారు?" అని అడిగాను.

"ఏమిటీ?"

"బస. ఎన్నాళ్లకి?"

బిత్తరపోయి చూశాడు. వెనక వరసలో ఎవరో దగ్గారు. కాగితం మీద చిరునామా రాసి ఇచ్చాను. మిసెస్ ప్రింగిల్ ఇల్లు, మూడో సందు, పొద్దున టిఫిన్ ఇస్తారు, కుక్కలకి అనుమతి లేదు.

రాత వంకర్లు పోయింది, చదవగలిగాడో లేదో.

సెప్టెంబరు 16, సోమవారం

పది గంటలకి మళ్లీ వచ్చాడు. వరస లేదు. నేనూ, ఊలుతో విన్నీ.

"గది చెమ్మగా ఉంది" అన్నాడు.

"ఊఁ."

"సీగల్స్ తెల్లారకముందే మొదలుపెడతాయి. టీ చల్లగా ఇస్తుంది. ఆ దుప్పటి ఉంది చూశావూ, కాళ్లు కప్పుకుంటే భుజాలు బయటికొస్తాయి." ఇంకా చాలా చెప్పాడు. నేను విన్నాను. ఇరవై రెండేళ్లుగా ఇవే ఫిర్యాదులు, ఇదే క్రమంలో వింటున్నాను.

తర్వాత కాసేపు అలల పట్టిక చదువుతున్నట్టు నిలబడ్డాడు.

"ఇంటికెప్పుడు రమ్మంటావ్?"

ఈ బల్ల వెనక నేను జవాబు చెప్పలేని ప్రశ్న లేదు. దీనికి మాత్రం జవాబుందని నాకే తెలియదు. నోరు తెరిచాక తెలిసింది.

"రమ్మనను డెస్."

విన్నీ సూదులు ఆగాయి.

"ముప్పై ఆరేళ్లు హిల్."

"అవును. బాగానే గడిచాయి. చాలావరకు."

తను ఏడుస్తాడనుకున్నాను. అరుస్తాడనుకున్నాను. ముక్కు తుడుచుకుని, "మరి నేనెక్కడికెళ్లాలి?" అన్నాడు.

"మీ అన్నయ్య దగ్గరికి. బస్సు పదకొండు నలభైకొకటి, రెండున్నరకొకటి."

"ఏది మంచిది?"

ముప్పై ఆరేళ్లలో ఏ బస్సు ఎక్కాలో తను ఒక్కసారి కూడా చూసుకోలేదు. నేనూ చూసుకోనివ్వలేదేమో. "రెండున్నరది. అందులో హీటరు పనిచేస్తుంది."

"అప్పటిదాకా ఇక్కడ కూర్చోవచ్చా?"

"కూర్చో. ఆ కుర్చీలు వచ్చినవాళ్ల కోసమే."

కూర్చున్నాడు. విన్నీ టీ ఇచ్చింది, వేడిగా. రేడియో పెట్టబోయి మా మొహాలు చూసి మానేశాడు. రెండు గంటలకి పద్నాలుగుమంది వచ్చారు. గొడుగు తీసుకుని వాళ్లతో బయల్దేరాను. తలుపు దగ్గర ఒకసారి వెనక్కి చూశాను. చెయ్యెత్తాడు. నేనూ ఎత్తాను.

తిరిగొచ్చేసరికి కుర్చీ ఖాళీ. కప్పు కడిగి బోర్లించి ఉంది.

"ఎక్కాడా?"

"ఎక్కాడమ్మాయ్. ఆలస్యంగానే వచ్చింది" అంది విన్నీ.

సాయంత్రం కేంద్రం మూసేముందు రిజిస్టరులో ఇవాళ ఊరు చూడ్డానికొచ్చినవాళ్లు పద్నాలుగు అని రాశాను. పెన్ను మూత పెట్టబోయి ఆగాను. పద్నాలుగు కొట్టేసి, పదిహేను అని రాశాను.